కోచింగ్‌కు పోకుండా సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూకు తయారవడం: కర్నూలు, అనంతపురం, కడప విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

బీటెక్ మూడు, నాలుగో ఏళ్లలో ఉన్నవాళ్లు, పాసై ఇంటి దగ్గర ఖాళీగా ఉన్నవాళ్లు, ఎంసీఏ వాళ్లు, సివిల్, మెకానికల్ చదివి ఇటు రావాలనుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. వరుసగా చదవాల్సిన పని లేదు. టైమ్ కాంప్లెక్సిటీ (ఇన్‌పుట్ పెరిగే కొద్దీ ప్రోగ్రామ్ పని ఎంత పెరుగుతుందన్న లెక్క) ప్రశ్న మాత్రం వదలొద్దు. మిగతా సగం దాని మీదే నడుస్తుంది.

అమీర్‌పేటకో, బెంగళూరుకో పోకుండా ఇక్కడే ఉండి చదువుకుంటే సరిపోతుందా?

చదువుకైతే సరిపోతుంది. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఎన్‌పీటీఈఎల్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్షకు ఫీజు కట్టాలి, పాఠాలు వినడానికి పైసా అక్కర్లేదు. జేఎన్‌టీయూ అనంతపురం కింది కాలేజీల్లో సీఎస్ఈ చదివినవాళ్లకు ఈ సబ్జెక్టులన్నీ సిలబస్‌లో వచ్చినవే. కాకపోతే అప్పుడు పది మార్కుల జవాబు కోసం చదివారు, ఇప్పుడు "ఎందుకు" అని అడిగితే చెప్పడానికి చదవాలి.

ఇంట్లో కొరత రెండింటికే. ఒకటి, కదలకుండా కూర్చునే వేళ. రెండు, మిమ్మల్ని ఎదురు ప్రశ్నలు వేసే మనిషి. ఇల్లు సందడిగా ఉంటే జిల్లా గ్రంథాలయం రీడింగ్ హాల్‌కు వెళ్లండి. ఇక ప్రశ్నలకు, ముగ్గురు స్నేహితులు కలిసి ఆదివారం గంటన్నర ఒకరినొకరు అడుగుకుంటే చాలు. నలుగురైదుగురు దాటితే అది కబుర్ల గుంపు అవుతుంది.

ఇంటర్వ్యూకు నేరుగా రమ్మంటే అప్పుడు వెళ్లొచ్చు. కర్నూలు నుంచి హైదరాబాదు, అనంతపురం నుంచి బెంగళూరు, రెండూ 44వ నంబరు జాతీయ రహదారి మీద నాలుగైదు గంటల దారే. ఆఫర్ రాకముందే అక్కడ హాస్టల్ అద్దె కట్టడం మాకైతే దండగ ఖర్చులా కనిపిస్తుంది.

ఏమేం చదవాలి, ఎన్నాళ్లు పడుతుంది?

రోజుకు రెండు గంటలు, ఆదివారం ఐదు గంటలు పెడితే వారానికి 17 గంటలు. ఆరు నెలలకు దగ్గర దగ్గర 440. అందులో డేటా స్ట్రక్చర్లు (డేటాను పేర్చే పద్ధతులు), అల్గారిథమ్‌లకు (ప్రాబ్లమ్ తేల్చే పద్ధతులు) 220, ఒక ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌కు 60, డీబీఎంఎస్‌కు (డేటాబేస్‌లు) 60, ఆపరేటింగ్ సిస్టమ్స్‌కు 40, నెట్‌వర్క్స్‌కు 30. మిగిలిన 30 గంటలు మాక్ ఇంటర్వ్యూలకు, రెజ్యూమెకు.

కంపైలర్ డిజైన్, థియరీ ఆఫ్ కంప్యుటేషన్ గేట్‌కు కావాలి గానీ ఈ ఇంటర్వ్యూల్లో వాటి పేరు ఎత్తేవాళ్లు అరుదు. రెండు నెలలే ఉన్నాయంటే డైనమిక్ ప్రోగ్రామింగ్‌లో (చిన్న భాగాల జవాబులు దాచుకుని పెద్ద జవాబు కట్టడం) కష్టమైనవి వదిలేసి అర్రేలు, స్ట్రింగ్‌లు, హ్యాష్ మ్యాప్ (కీ ఇస్తే దాని విలువ ఇచ్చే పట్టిక), ట్రీలు, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను అడిగే భాష) గట్టిగా పట్టుకోండి.

ఏ లాంగ్వేజ్ ఎంచుకోవాలి? కాలేజీలో సీ నేర్పారు.

మెమరీ ఎలా పనిచేస్తుందో తెలియడానికి సీ మంచిదే. ఇంటర్వ్యూకు మాత్రం ఇబ్బంది, ఎందుకంటే హ్యాష్ మ్యాప్ లాంటివి అందులో రెడీగా ఉండవు, అవి రాసుకునేసరికే టైమ్ అయిపోతుంది. ఇంకా టర్బో సీ అనే పాత కంపైలర్ వాడుతుంటే ఈ రోజే మానేసి జీసీసీ కంపైలర్ ఎక్కించుకోండి. టర్బో సీలో ఇంట్ (పూర్ణ సంఖ్య) 16 బిట్లే, 32767 దగ్గర ఆగిపోతుంది. 20000కు 20000 కలిపితే -25536 వస్తుంది. లాజిక్ తప్పేమో అనుకుని గంటలు పోగొట్టుకుంటారు.

జావా, పైథాన్, సీ ప్లస్ ప్లస్‌లలో ఏదో ఒకటి తీసుకుని చివరిదాకా దాంట్లోనే ఉండండి. ఏది ఎంచుకున్నా దాని గుంటలు దానికున్నాయి.

జావాలో రెండు ఇంటీజర్ ఆబ్జెక్టులను డబుల్ ఈక్వల్స్ (==) తో పోలిస్తే 127 దాకా "ట్రూ" వస్తుంది, 128కి "ఫాల్స్" వస్తుంది. -128 నుంచి 127 వరకు ఆబ్జెక్టులను జావా దాచిపెట్టి అవే తిరిగి ఇస్తుంది, ఆ పైన కొత్తవి తయారుచేస్తుంది. అందుకే చిన్న టెస్టులన్నీ పాసై పెద్దవి ఫెయిల్ అవుతాయి. ఈక్వల్స్ మెథడ్ వాడాలి. లూప్‌లో స్ట్రింగ్‌కు ప్లస్‌తో అక్షరాలు కలుపుతూ పోతే ప్రతిసారీ మొత్తం కాపీ అవుతుంది, స్ట్రింగ్ బిల్డర్ వాడండి.

పైథాన్‌లో లిస్టు మొదటి ఎలిమెంట్‌ను పాప్ చేస్తే వెనకున్నవన్నీ ఒక్కో గడి ముందుకు జరగాలి. క్యూ (ముందొచ్చింది ముందు పోయే వరుస) కావాలంటే డెక్ (deque) తీసుకోవాలి. రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలవడం) లోతు మామూలుగా 1000 దగ్గర ఆగిపోతుంది.

సీ ప్లస్ ప్లస్‌లో ఖాళీ వెక్టర్ (సైజు పెరిగే అర్రే) సైజులోంచి ఒకటి తీసేస్తే -1 రాదు, 64 బిట్ మెషీన్‌లో 18446744073709551615 వస్తుంది, ఎందుకంటే సైజు అన్‌సైన్డ్, అంటే నెగటివ్ ఉండదు. లూప్ అక్కడినుంచి ఎటు పోతుందో చెప్పలేం.

టైమ్ కాంప్లెక్సిటీ బట్టీ పట్టాను, అయినా ప్రాబ్లమ్ చూస్తే ఏం చేయాలో తోచదు.

బట్టీ పట్టే విషయం కాదిది. ప్రాబ్లమ్ కింద ఇచ్చే కన్‌స్ట్రెయింట్స్ (ఇన్‌పుట్ హద్దులు) చదవడం అలవాటు చేసుకోండి, దారి సగం అక్కడే దొరుకుతుంది. సెకనుకు సీ ప్లస్ ప్లస్‌లో గానీ జావాలో గానీ దాదాపు 10 కోట్ల చిన్న పనులు జరుగుతాయని, పైథాన్‌లో కోటి అని మోటుగా లెక్క వేసుకోండి.

ఎన్ (ఇన్‌పుట్ సైజు) విలువ లక్ష అనుకుందాం. రెండు లూప్‌లు ఒకదానిలో ఒకటి పెడితే 1000 కోట్లు, అంటే 100 సెకన్లు. అది నడవదు. సార్ట్ చేసి ఒకసారి నడిస్తే ఎన్ లాగ్ ఎన్, సుమారు 17 లక్షలు, కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. కాబట్టి ఎన్ లక్ష అని రాసి ఉంటే సార్టింగో, హ్యాష్ మ్యాపో, హీపో, స్లైడింగ్ విండోనో అడుగుతున్నారని అర్థం. ఎన్ 2000 లోపైతే రెండు లూప్‌లు చాలు. ఎన్ 20 అని ఉంటే అన్ని సబ్‌సెట్లూ చూడమని సైగ చేస్తున్నట్టే, రెండు పవర్ 20 అంటే 10 లక్షల పైచిలుకే.

ఒక ఉదాహరణ. ఆదోని పత్తి యార్డులో వరుసగా అమ్ముడైన లక్ష లాట్ల ధరలు ఉన్నాయి. పక్కపక్కన ఉన్న 1000 లాట్ల మొత్తం ఎక్కడ ఎక్కువో చెప్పాలి. ప్రతి చోటా మొదలుపెట్టి వెయ్యి కూడితే దాదాపు 10 కోట్ల కూడికలు. కానీ ఒక లాటు ముందుకు జరిగినప్పుడు నిజంగా మారింది రెండే: కొత్తది చేరింది, పాతది పోయింది. చేరినదాన్ని కలిపి, పోయినదాన్ని తీసేస్తే లెక్క సుమారు 2 లక్షలకు దిగుతుంది. ఇదే స్లైడింగ్ విండో. "ఒక అడుగు జరిగితే మారేదేంటి?" అనే ప్రశ్న వేసుకోకుండా దీన్ని టెంప్లేట్‌లా బట్టీ పడితే, విండో సైజు మారే ప్రాబ్లమ్ రాగానే చేతులెత్తేస్తారు.

హ్యాష్ మ్యాప్ "ఎప్పుడూ" ఓ ఆఫ్ వన్ (ఎన్ ఎంతైనా ఒకే టైమ్) అని చెప్పకండి. సగటున అంతే, అన్ని కీలు ఒకే బకెట్‌లో (మ్యాప్ లోపలి గడి) పడితే ఓ ఆఫ్ ఎన్ (ఎన్‌తో పాటు పెరిగే టైమ్). జావా 8 నుంచి బకెట్ బాగా నిండితే దాన్ని ట్రీగా మారుస్తారు, అప్పుడు లాగ్ ఎన్. ఈ మాట చెప్పగలిగితే అవతలివాళ్ల తర్వాతి ప్రశ్న తీరే మారుతుంది.

ఎన్ని ప్రాబ్లమ్స్ చేయాలి? ఫ్రెండ్ 600 చేశానంటున్నాడు.

150 నుంచి 200 చాలు, వాటిని మళ్లీ చేయగలిగితే. 600 చేసి, మొదటి వంద ఇప్పుడు తెల్లకాగితం మీద రాయలేకపోతే ఆ సంఖ్య ప్రొఫైల్‌లో చూపించుకోవడానికే.

ప్రాక్టీసు సైట్ లీట్‌కోడ్ గానీ గీక్స్ ఫర్ గీక్స్ గానీ, ఏదైనా ఫర్వాలేదు, పద్ధతి ముఖ్యం. 30 నిమిషాలు సొంతంగా కుస్తీ పట్టండి. ముందు కాగితం మీద నాలుగైదు ఎలిమెంట్లతో చేత్తో చేసి చూడండి, తర్వాతే కీబోర్డు. తెగలేదంటే జవాబు చదవండి. చదివాక ట్యాబ్ మూసేసి మొత్తం సొంతంగా రాయండి. పక్కన పెట్టుకుని చూసి టైప్ చేస్తే అది ప్రాక్టీసు కిందికి రాదు. అదే ప్రాబ్లమ్‌ను మూడు రోజులకు, వారానికి, మూడు వారాలకు మళ్లీ చేయండి. రూళ్ల నోటుబుక్‌లో ఒక్కోదానికి మూడు లైన్లు: ఏ క్లూ చూసి ఈ దారి పట్టాలి, ఎక్కడ తప్పాను, కాంప్లెక్సిటీ ఎంత. కోడ్ మొత్తం ఎక్కించొద్దు, నోటుబుక్ నిండుతుంది గానీ తిరిగి చూడరు.

వరుస ఇలా ఉంటే మేలు: అర్రేలు, స్ట్రింగ్‌లు, హ్యాష్ మ్యాప్, టూ పాయింటర్స్, స్లైడింగ్ విండో, స్టాక్, బైనరీ సెర్చ్, లింక్డ్ లిస్ట్, రికర్షన్, ట్రీలు, హీప్, గ్రాఫ్‌లు, ఆఖర్న డీపీ (డైనమిక్ ప్రోగ్రామింగ్). రికర్షన్ రాకుండా ట్రీలలోకి దూకడం ఎక్కువమంది చేసే పొరపాటు.

బైనరీ సెర్చ్ తెలుసు. ఐనా రాసిన ప్రతిసారీ ఎక్కడో ఆగిపోతుంది.

వరుసలో పేర్చిన 10 లక్షల ఎలిమెంట్లలో, ప్రతిసారీ సగం కొట్టేస్తూ, 20 అడుగుల్లో వెతికేస్తుంది, ఆలోచన చిన్నపిల్లలకూ అర్థమవుతుంది. చెడేదంతా హద్దుల దగ్గరే. రెండు పద్ధతులున్నాయి. లో (వెతికే భాగం మొదలు), హై (చివర) సమానం అయ్యేదాకా కూడా లూప్ నడిపితే మిడ్‌కు (మధ్య స్థానం) ఒకటి కలిపి లో, ఒకటి తీసి హై జరపాలి. లో, హై కంటే తక్కువగా ఉన్నంతవరకే నడిపితే హైని మిడ్ దగ్గరే ఉంచవచ్చు. ఈ రెంటినీ కలగలిపితే లూప్ ఆగదు. రెండే ఎలిమెంట్లు తీసుకోండి: లో 0, హై 1, మిడ్ 0. ఇప్పుడు లోను మిడ్‌కు మార్చితే మళ్లీ 0. ఇక అక్కడే తిరుగుతూ ఉంటుంది. అందుకే రాయగానే సున్నా, ఒకటి, రెండు ఎలిమెంట్లతో టెస్ట్ చేయాలి, పదితో కాదు.

మరో గుంట: మిడ్ కోసం లో, హై కూడి రెండుతో భాగిస్తే, పెద్ద అర్రేలలో ఆ మొత్తం 2147483647 దాటి నెగటివ్ అవుతుంది. లో + (హై - లో) / 2 అని రాయండి. జావా సొంత లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లోనే ఈ తప్పు ఏళ్ల తరబడి దాగి ఉండి 2006లో బయటికొచ్చింది.

గ్రాఫ్‌లలో బీఎఫ్ఎస్ ఎప్పుడు, డైక్‌స్ట్రా ఎప్పుడు?

అనంతపురం నుంచి కడపకు తాడిపత్రి, ముద్దనూరు మీదుగా పోవచ్చు. కర్నూలు నుంచైతే నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా. ఊళ్లు నోడ్‌లు, బస్సు రూట్లు ఎడ్జ్‌లు. తక్కువ ఊళ్లు దాటి చేరాలంటే బీఎఫ్ఎస్ (దగ్గరి ఊళ్లన్నీ చూశాకే దూరపువాటికి పోయే పద్ధతి), ఎందుకంటే ప్రతి ఎడ్జ్ విలువా ఒకటే. తక్కువ ఛార్జీతో చేరాలంటే డైక్‌స్ట్రా, ఎందుకంటే ఒక్కో ఎడ్జ్‌కు ఒక్కో ధర. ఏదైనా రూటులో ఎక్కితే తిరిగి డబ్బులిస్తారంటే, అంటే ఎడ్జ్ నెగటివ్ అయితే, డైక్‌స్ట్రా తప్పు జవాబు ఇవ్వొచ్చు. ఒక ఊరి లెక్క ఖాయం చేశాక అది మళ్లీ తగ్గదన్న నమ్మకం మీదే ఆ అల్గారిథమ్ నడుస్తుంది. అక్కడ బెల్‌మన్ ఫోర్డ్ కావాలి.

బీఎఫ్ఎస్‌లో నోడ్‌ను క్యూలో వేసేటప్పుడే విజిటెడ్ అని గుర్తు పెట్టండి. తీసేటప్పుడు పెడితే ఒకే నోడ్ క్యూలోకి పదేపదే చేరి, జవాబు సరిగ్గానే వచ్చినా టైమ్ లిమిట్ దాటిపోతుంది. 1000 బై 1000 గ్రిడ్‌లో రికర్షన్‌తో డీఎఫ్ఎస్ (ఒకే దారిలో చివరిదాకా పోయి వెనక్కి వచ్చే పద్ధతి) నడిపితే లోతు 10 లక్షలకు పోవచ్చు, స్టాక్ తట్టుకోదు.

డైనమిక్ ప్రోగ్రామింగ్ ఎంతవరకు?

ముందు మామూలు రికర్షన్ రాయండి, తర్వాత అదే జవాబును అర్రేలో దాచుకోండి. టేబుల్ పద్ధతి ఆ తర్వాత. మెట్లెక్కడం, కాయిన్ చేంజ్, నాప్‌సాక్, లాంగెస్ట్ కామన్ సబ్‌సీక్వెన్స్, గ్రిడ్ దారులు. ఈ ఐదు రకాలు నిజంగా వస్తే ఫ్రెషర్ ఇంటర్వ్యూకు సరిపోతుంది.

డీబీఎంఎస్‌లో ఏం అడుగుతారు? నార్మల్ ఫారమ్‌లు బాగా చదివాను.

నార్మల్ ఫారమ్‌లు (టేబుళ్లను విడగొట్టే నియమాలు) ఒక ప్రశ్న వరకే. ఎక్కువగా క్వెరీ రాయమంటారు. రెండో అత్యధిక జీతం కనుక్కోవడం అందరికీ తెలిసిన ప్రశ్న, అయినా పడిపోతారు. జీతాలను పైనుంచి కిందికి పేర్చి రెండో వరుస తీస్తే, మొదటి జీతం ఇద్దరికి ఉన్నప్పుడు అదే మళ్లీ వస్తుంది. డిస్టింక్ట్ (ఒకే విలువను ఒక్కసారే తీసుకోవడం) పెట్టాలి, లేదా మ్యాక్స్ కంటే తక్కువైనవాటిలో మ్యాక్స్ తీయాలి. ఎన్నో జీతం అడిగితే డెన్స్ ర్యాంక్.

నల్ (విలువ లేని గడి) దగ్గర జాగ్రత్త. నల్‌తో ఈక్వల్స్ పెట్టి పోలిస్తే ఒక్క వరుస కూడా రాదు, ఈజ్ నల్ అనాలి. నాట్ ఇన్ లోపలి సబ్‌క్వెరీలో ఒక్క నల్ ఉన్నా మొత్తం ఫలితం ఖాళీ. ఎర్రర్ రాదు కాబట్టి తప్పని కూడా తెలియదు. నాట్ ఎగ్జిస్ట్స్ వాడితే ఆ బాధ లేదు.

ఇండెక్స్ గురించి "వేగంగా వెతుకుతుంది" అని ఆపేయకండి. ఇండెక్స్‌ను దాచే బీ ప్లస్ ట్రీలో ఒక్కో పేజీకి 200 కీలు పట్టాయనుకున్నా నాలుగు మెట్లలో 160 కోట్ల వరుసలు చేరుకోవచ్చు. కానీ పేరు "వెంకట"తో మొదలయ్యేవాళ్లను వెతికితే మామూలు ఇండెక్స్ పనిచేస్తుంది, "రెడ్డి"తో ముగిసేవాళ్లను వెతికితే పనిచేయదు. వరుస మొదటి అక్షరం నుంచి పేర్చి ఉంటుంది మరి. జిల్లా, మండలం కలిపి ఇండెక్స్ పెట్టి మండలంతో మాత్రమే వెతికినా అదే ఇబ్బంది. ఇంకో మాట: ప్రతి ఇండెక్స్ ఇన్సర్ట్‌ను కొంత నెమ్మది చేస్తుంది, "అన్ని కాలమ్‌లకూ పెడతాను" అనొద్దు.

ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్?

ప్రాసెస్‌కు (నడుస్తున్న ప్రోగ్రామ్), థ్రెడ్‌కు (దాని లోపల నడిచే ఒక పని) తేడా: థ్రెడ్‌లు హీప్ అనే మెమరీని పంచుకుంటాయి, స్టాక్ ఎవరిది వారిదే. రెండు థ్రెడ్‌లు లాక్ లేకుండా ఒకే కౌంటర్‌ను చెరో లక్షసార్లు పెంచితే రెండు లక్షల కంటే తక్కువ రావచ్చు. జావాలో మీరే నడిపి చూడండి, రేస్ కండిషన్ ఇక మరచిపోరు. డెడ్‌లాక్‌కు (ఒకరి లాక్ కోసం ఒకరు ఎదురుచూస్తూ ఆగిపోవడం) నాలుగు షరతులు చెప్పి వదిలేయకుండా, అన్ని థ్రెడ్‌లూ లాక్‌లను ఒకే వరుసలో తీసుకుంటే సర్క్యులర్ వెయిట్ తెగిపోతుందని చెప్పండి. పేజింగ్‌లో (మెమరీని సమాన ముక్కలుగా పంచడం) లెక్క రావాలి: 32 బిట్ అడ్రస్, 4 కేబీ పేజీ అంటే 10,48,576 పేజీలు, ఒక్కో ఎంట్రీకి 4 బైట్లు చొప్పున పేజ్ టేబుల్ 4 ఎంబీ.

నెట్‌వర్క్స్‌కు ఒక్క ప్రశ్న పట్టుకోండి: బ్రౌజర్‌లో అడ్రస్ కొడితే ఏమవుతుంది? డీఎన్ఎస్ (పేరును ఐపీ అడ్రస్‌గా మార్చడం), టీసీపీ త్రీ వే హ్యాండ్‌షేక్ (కనెక్షన్ కలుపుకోవడం), 443 పోర్టు మీద టీఎల్ఎస్ (డేటాను ఎవరూ చదవకుండా కాపాడడం), హెచ్‌టీటీపీ రిక్వెస్ట్, రెస్పాన్స్ కోడ్‌లు. ఇది పది నిమిషాలు తడబడకుండా చెప్పగలిగితే సబ్జెక్టులో సగం వచ్చినట్టే.

తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లీషులో చెప్పలేక ఆగిపోతాను.

కొలిచేది మీ గ్రామర్‌ను కాదు, ఆలోచన వినబడుతుందా అన్నదాన్ని. రోజూ చేసిన ప్రాబ్లమ్‌ను ఫోన్‌లో రెండు నిమిషాలు ఇంగ్లీషులో రికార్డ్ చేసుకుని వినండి. కావాల్సిన వాక్యాలు ఇరవై లోపే: ఇన్‌పుట్ ఖాళీగా ఉండొచ్చా అని అడగడం, ముందు తేలికైన దారి చెప్తానని అనడం, ఇక్కడ టైమ్ ఎక్కువ పడుతోంది కాబట్టి మారుస్తానని అనడం, ఒక్క నిమిషం ఆలోచిస్తానని అడగడం. ఇవి నోటికి పట్టేదాకా అనండి. నెలలో తేడా తెలుస్తుంది. మౌనంగా పది నిమిషాలు కోడ్ రాయడం తప్పు ఇంగ్లీషు కంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

45 నిమిషాల కోడింగ్ రౌండ్‌ను ఎలా పంచుకోవాలి?

మొదటి ఐదు నిమిషాలు ప్రశ్నలకు: ఎన్ ఎంత, నెగటివ్‌లు ఉంటాయా, డూప్లికేట్లు ఉంటాయా, జవాబు లేకపోతే ఏం ఇవ్వాలి. తర్వాత పది నిమిషాలు దారి, కాంప్లెక్సిటీ మాటల్లో చెప్పి అవతలివాళ్లు ఊ అన్నాకే కోడ్. ఇరవై నిమిషాల్లో రాయాలి. మిగతాది మీరే ఒక చిన్న ఇన్‌పుట్‌తో లైన్ లైన్‌గా నడిపి చూపడానికి. తప్పు మీరే పట్టుకుంటే అది మీకు మార్కే. క్లూ ఇస్తే వాదించకుండా తీసుకోండి, ఊరికే ఇవ్వరు.

రెజ్యూమెలో ప్రాజెక్ట్ ఏం పెట్టాలి? కాలేజీ ప్రాజెక్ట్ కొనుక్కున్నాం.

కొన్నది పెడితే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. చిన్నదైనా సొంతంగా రాయండి. ఊళ్లో కిరాణా షాపు ఖాతా పుస్తకం అప్లికేషన్ చాలు: కస్టమర్లు, బాకీలు, చెల్లింపులు, మూడు టేబుళ్లు. బాకీని ఒక కాలమ్‌లో ఉంచుతారా, చెల్లింపుల నుంచి ప్రతిసారీ కూడుతారా, ఇద్దరు ఒకేసారి నమోదు చేస్తే ఏమవుతుంది, ఇవి ఆలోచించి ఉంటే అరగంట మాట్లాడొచ్చు. గిట్‌హబ్‌లో (కోడ్ దాచుకునే సైట్) పెట్టండి. అంతా ఒకే రోజు ఒకే కమిట్‌గా (ఒకసారి సేవ్ చేసిన మార్పు) కాకుండా, చేసిన కొద్దీ ఎక్కించండి. రెజ్యూమె ఒక్క పేజీ.

ఏఐ చాట్‌బాట్‌తో చదవొచ్చా?

అర్థం కానిది అడగడానికి, మీ కోడ్‌ను ఫెయిల్ చేసే ఇన్‌పుట్ ఇవ్వమనడానికి వాడండి. ప్రాబ్లమ్ అతికించి జవాబు తెచ్చుకుంటే ఆ 30 నిమిషాల కుస్తీ పోతుంది, నేర్చుకునేది అక్కడే.

బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి, పాసై ఏడాది దాటింది.

కొన్ని కంపెనీలు 60 శాతం కావాలనీ, బ్యాక్‌లాగ్ ఉండకూడదనీ ముందే రాస్తాయి. అక్కడ అప్లై చేసి బాధపడొద్దు. సప్లీలు ముందు క్లియర్ చేయండి. గ్యాప్ గురించి అడిగితే ఆ ఏడాదిలో ఏం చేశారో రెండు వాక్యాల్లో చెప్పి, ప్రాజెక్ట్ చూపండి. అబద్ధపు ఎక్స్‌పీరియన్స్ లెటర్ జోలికి పోవద్దు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ వివరాలు చూస్తారు, చేరాక దొరికినా తీసేస్తారు.

లక్షన్నర కడితే బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం ఇప్పిస్తామంటున్నారు.

కట్టొద్దు. ట్రైనింగ్ ఫీజు, సెక్యూరిటీ డిపాజిట్, లాప్‌టాప్ ఛార్జీ, పేరు ఏదైనా సరే, ఉద్యోగానికి ముందు డబ్బు అడిగితే అది మోసమనే అనుకోండి. ఆఫర్ లెటర్ వస్తే అందులోని ఈమెయిల్ డొమైన్ కంపెనీ వెబ్‌సైట్‌దేనా చూడండి, కెరీర్స్ పేజీలోని అడ్రస్‌కు రాసి ఖాయం చేసుకోండి. ఆన్‌లైన్‌లో డబ్బు ఇప్పటికే పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును ఖాతాలో ఆపించే అవకాశం అంత ఎక్కువ.

ఆన్‌లైన్ టెస్ట్ మధ్యలో కరెంటు పోతే?

ముందు రోజు రాత్రే లాప్‌టాప్, ఫోన్ రెండూ నిండా ఛార్జ్ చేయండి. వైఫై రౌటర్‌కు చిన్న యూపీఎస్ దొరుకుతుంది, లేకపోతే ఫోన్ హాట్‌స్పాట్ ముందే ఒకసారి కనెక్ట్ చేసి పెట్టుకోండి, రోజు డేటా మిగిలి ఉందో చూసుకోండి. విండోస్ అప్‌డేట్లు ఆపండి. ప్రోక్టరింగ్ (ఆన్‌లైన్ నిఘా) ఉన్న టెస్టులో హాట్‌స్పాట్‌కు మారేటప్పుడు వేరే విండో తెరవొద్దు, దాన్ని కాపీ కింద లెక్కేస్తుంది. లింక్ తెగిపోతే స్క్రీన్ ఫొటో తీసి, టైమ్ రాసి, మెయిల్‌లో ఇచ్చిన సపోర్ట్ అడ్రస్‌కు అప్పటికప్పుడే పంపండి. మర్నాడు పంపితే పట్టించుకోవడం తక్కువ.